పాస్టరుగారికి ప్రసంగం గురించి ఏ రోజు, ఎలా చెప్పాలి?

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నేను సంఘ పెద్దని. మా పాస్టరుగారు చిన్నవయసువారు, వచ్చి ఎనిమిది నెలలు. మొదటి ఇరవై ఐదు నిమిషాలు ఎంత బాగా చెప్తారంటే, రూతు గురించి చెప్పినరోజు మా అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాతే వాక్యం వదిలి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతారు. 11:15కి మొదలైన ప్రసంగం 12:45 దాకా సాగుతుంది. షుగరున్న ముసలోళ్లు మధ్యలో లేచిపోతున్నారు, ఈ ఎండల్లో వాళ్లను తప్పుపట్టలేం.

ఒకసారి ఆరాధన అయిన వెంటనే గుడి వాకిట్లోనే చెప్పినా. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు చెప్పుండకూడదు, ఇంకా అలసట కూడా తీరలేదాయనకు. తర్వాత సోమవారం వాట్సాప్‌లో పెట్టినా, చూసినారు గానీ బదులు లేదు. శనివారం రాత్రి ఫోన్ చేస్తే, మర్నాడు తడబడుతూ చెప్పినారు. అది నా తప్పే.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 18:26లో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అపొల్లో అనే బోధకుణ్ని చేరదీసి విడిగా వివరించినారు కదా. నేనూ అట్లే ఇంటికి భోజనానికి పిలుద్దామనుకుంటున్నా.

పాస్టర్లుగా ఉన్నవాళ్లు చెప్పండి: వారంలో ఏ రోజు, ఏ మాటతో మొదలుపెడితే మీరు నొచ్చుకోకుండా వింటారు?