"ఎయింట్ నోబడీ": చాకా ఖాన్ పాడిన 1983 పాటా, ఫీలిక్స్ యాన్ వెర్షనా? గ్రూప్ డాన్స్‌కి సలహా కావాలి

నల్లకుంట_స్టెప్స్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కాలేజీ ఫెస్ట్‌కి ఎనిమిది మందిమి కలిసి డాన్స్ చేస్తున్నాం. పాట జర్మన్ డీజే ఫీలిక్స్ యాన్ 2015లో తెచ్చిన "ఎయింట్ నోబడీ". సగం స్టెప్స్ కుదిరాక మా డాన్స్ మాస్టారు, "అసలు పాట 1983లో రూఫస్ బ్యాండ్‌తో అమెరికన్ గాయని చాకా ఖాన్ పాడింది. ముందు అది వినండి" అన్నారు. విన్నాను. కొత్తదాని కంటే నెమ్మదిగానే ఉంది, కానీ భుజాలు వాటంతటవే కదిలిపోతున్నాయి. కొత్తదాంట్లో అందరం ఒకేసారి అడుగు వేయగలుగుతున్నాం, పాతదాంట్లో మాత్రం తలా ఒక చోట పడుతున్నాం. ఎందుకిలా అవుతోంది? రెండింట్లో ఏది తీసుకోమంటారు?

డీజే_బెంజ్‌సర్కిల్

కొత్తదే ఉంచండి. హాల్లో ఉన్నవాళ్లకి తెలిసిన పాట, మొదటి బీట్‌కే చప్పట్లు మొదలవుతాయి. ఫెస్ట్‌లో మీకు దొరికేది నాలుగు నిమిషాలు. జనాన్ని పాట వైపు లాగడానికే సగం టైం పోతే ఎలా?

నల్లమెట్లు_గుంటూరు

చర్చి కొయిర్‌కి కీబోర్డ్ వాయిస్తాను. ఈ పాటంటే నాకు ప్రాణం, అందుకే కాస్త పొడవుగా రాస్తున్నా.

మీ భుజాలు కదలడానికి కారణం ఆ పాట తయారైన తీరులోనే ఉంది. రూఫస్ షికాగో బ్యాండ్. 1983లో వచ్చిన వాళ్ల "స్టాంపిన్ ఎట్ ది సవాయ్" ఆల్బమ్‌లో ఎక్కువ భాగం కచేరీ రికార్డింగ్, దానికి కొన్ని కొత్త స్టూడియో పాటలు కలిపారు. వాటిలో ఒకటి ఇది. రాసింది బ్యాండ్ కీబోర్డ్ ప్లేయర్ డేవిడ్ "హాక్" వొలిన్‌స్కీ. డ్రమ్ మెషీన్ తోడుగా ఒక సింథ్ లూప్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్ మీద వాయించిన, మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క) కట్టుకుని, దాని మీద పాట అల్లాడు. రికార్డింగ్‌లో డ్రమ్స్ వాయించింది జాన్ రాబిన్సన్. మైకేల్ జాక్సన్ "ఆఫ్ ది వాల్" ఆల్బమ్‌లో వినిపించే డ్రమ్స్ కూడా ఈయనవే.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. లూప్ యంత్రంలా తిరుగుతూనే ఉంటుంది. దాని పక్కన ఒక మనిషి వాయిస్తున్నాడు, దెబ్బ దెబ్బకీ బలం మారుతోంది. ఆ రెండింటి మధ్య మిగిలే సందులోకే మన ఒళ్లు వెళ్లిపోతుంది. మీ ఎనిమిది మందిలో ఒకరు లూప్‌ని పట్టుకుంటున్నారు, ఇంకొకరు స్నేర్‌ని (టపటపమనే చిన్న డ్రమ్), మరొకరు బేస్‌ని (కింది స్వరాలు). తలా ఒక చోట పడటం అందుకే.

ఇంక గొంతు. చరణంలో చాకా ఖాన్ కిందనే ఉంటుంది, దాదాపు మాట్లాడుతున్నట్టు. పల్లవి దగ్గరపడుతున్నకొద్దీ ఆమె గొంతు మీద ఆమె గొంతే పొరలుపొరలుగా చేరుతుంది. ఆ ఎక్కడం ఒక్కటి మా కొయిర్ పిల్లలకి ఎన్నిసార్లు వినిపించానో! అరవకుండా పాటని పైకి ఎలా తీసుకెళ్లాలో తెలియాలంటే అది వింటే చాలు. 1983లోనే ఈ పాట అమెరికా ఆర్ అండ్ బీ చార్ట్‌లో మొదటి స్థానానికి చేరింది, 1984లో దీనికి గ్రామీ వచ్చింది.

ఫీలిక్స్ యాన్ వెర్షన్‌లో వినిపించే గొంతు జాస్మిన్ థాంప్సన్‌ది. లండన్ అమ్మాయి. 2013లో ఈ పాటని ఎంతో తక్కువ వాద్యాలతో, మెత్తగా పాడింది. అప్పటికి చిన్నపిల్ల. ఆ పాడడాన్ని తీసుకుని ఫీలిక్స్ కింద హౌస్ బీట్ (క్లబ్బుల్లో ఆడే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతపు బీట్) వేశాడు. అది జర్మనీలో మొదటి స్థానం, బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. మొదటి నుంచి చివరిదాకా ఆ గొంతు ఒకే ఎత్తులో ఉంటుంది, పాటని పైకి లేపే పని అంతా బీట్‌దే. ప్రతి మాత్రకీ కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) పడుతుంది కాబట్టి మీకు అడుగు ఎక్కడ వేయాలన్న సందేహం రాదు. అందులో తప్పేం లేదు. కానీ చాకా ఖాన్ ఆ పాటలో పెట్టిన ఆరాటం నాకు దీంట్లో వినిపించదు.

నల్లకుంట_స్టెప్స్

చాలా థాంక్స్ అన్నా, ఇప్పుడు అర్థమైంది. కానీ ఫెస్ట్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఎనిమిది మందిలో ముగ్గురికి డాన్స్ పూర్తిగా కొత్త. పాతదానికి వాళ్లు అందుకోలేరు.

డీజే_బెంజ్‌సర్కిల్

నేను చెప్పిందీ అదేనండీ. ఇంకో మాట, జాస్మిన్ మెత్తగా పాడటం లోపం కాదు. రాత్రి బాగా పొద్దుపోయాక ఫ్లోర్ మీద నలుగురే మిగిలినప్పుడు నేను పెట్టేది అదే. వాళ్లు కళ్లు మూసుకుని ఆడతారు. ఆరాటం ఒక్కటే భావం కాదు కదా.

నల్లమెట్లు_గుంటూరు

డీజేగారూ, ఆ సమయానికి అది సరిపోతుంది, ఒప్పుకుంటాను. ఫెస్ట్ స్టేజ్‌కి మాత్రం నా మాట వేరు.

తమ్ముడూ, ఈ రెండూ కాకుండా మూడోది ఉంది. 1989లో ఫ్రాంకీ నకుల్స్ చేసిన రీమిక్స్ వెతికి వినండి. షికాగోలో వేర్‌హౌస్ క్లబ్ డీజేగా హౌస్ సంగీతానికి దారి వేసిన మనిషి ఆయన. చాకా ఖాన్ గొంతుని అలాగే ఉంచి, కింద తిన్నగా నడిచే కిక్ పెట్టాడు. బ్రిటన్‌లో 1984లో అసలు పాట 8వ స్థానం దాకా వెళితే, ఈ రీమిక్స్ 6వ స్థానానికి వెళ్లింది. ఫీలిక్స్ కంటే పాతికేళ్ల ముందే ఈ పాట హౌస్‌లోకి వచ్చేసింది, అదీ రూఫస్ ఊరైన షికాగోలో పేరు తెచ్చుకున్న డీజే చేతి మీదుగా.

మీ ముగ్గురు కొత్తవాళ్లకి కిక్ దొరుకుతుంది, మిగతా ఐదుగురికి ఆ గొంతు దొరుకుతుంది. కొత్తవాళ్లని వెనక వరుసలో పెట్టి కిక్ మీద నడక మాత్రమే ఇవ్వండి. ముందున్నవాళ్లు చరణంలో కాళ్లు తక్కువగా కదిపి, భుజాలతో, నడుముతో చేయాలి. పల్లవికి ముందు గొంతులు చేరుతున్నప్పుడు ఒక్కొక్కరే లేచి కలవండి, పల్లవి మొదటి మాటకి ఎనిమిది మందీ ఒకేసారి పడాలి. క్లబ్ రీమిక్స్ కాబట్టి మొదట్లో గొంతు రాకముందు చాలాసేపు బీటే నడుస్తుంది. అది కోసేసి, గొంతు మొదలయ్యే చోటుకి కాస్త ముందు నుంచి ట్రాక్ పెట్టుకోండి.

నల్లకుంట_స్టెప్స్

ఇప్పుడే విన్నాం అన్నా, మాస్టారికి కూడా పంపాను. రేపు సాయంత్రం ప్రాక్టీస్‌లో దీనికే చేసి చూస్తాం. ట్రాక్ ఎక్కడ కోయాలో డీజేగారు ఒకసారి విని చెబితే ఇంకా మంచిది.

డీజే_బెంజ్‌సర్కిల్

పంపండి, చేసిస్తాను.