అప్‌డేట్: మాస్క్ మసక, పారిపోయే తాబేళ్లు

ఒక రక్షిత దీవి దగ్గర స్నార్కెలింగ్‌లో (మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూసే ఈత) మాస్క్ మసకబారుతోందని, తాబేళ్లు దూరంగా పోతున్నాయని అడిగాను కదా, రెండిటికీ కారణం తెలిసింది.

కొత్త మాస్క్ అద్దం లోపల తయారీలో అంటిన సన్నటి పొర ఉంటుంది. జెల్ కాని తెల్ల టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి (కోటింగ్ ఉన్న అద్దమైతే వద్దు, పాడవుతుంది). ఆపై ప్రతిసారీ నీళ్లు కలిపిన బేబీ షాంపూ ఒక చుక్క రాసి, ఒక్కసారి పైపైన కడిగితే చాలు. మరీ కడిగేస్తే మళ్లీ మసకే.

తాబేలు ఊపిరికి పైకి రావాలి. నెత్తిమీద మనిషి తేలితే దారి మూసుకుపోయినట్టే. కనీసం 3 మీటర్లు ఎడంగా, పక్కనుంచి, ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత తెడ్లు) ఆడించకుండా ఉంటే మేత మానదు. పచ్చ తాబేళ్లను పగడాల్లో కన్నా సముద్రపు గడ్డి మీద వెతకడం మేలు. పోటు నిండుగా ఉన్నప్పుడే దిగండి, పాటులో ఫిన్స్ పగడాలకు తగులుతాయి.

మీసం దగ్గర మాస్క్‌లోకి నీళ్లు కారడం మాత్రం ఇంకా తేలలేదు.