అప్‌డేట్: ఎర్లీ డెసిషన్‌లో సీటొచ్చింది, ఎయిడ్ సంగతీ తేలింది

అమెరికాలో ఓ ప్రైవేట్ యూనివర్సిటీకి మా అమ్మాయి నవంబర్ 1 గడువుకు ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే అక్కడే చేరతామని ముందే ఒప్పుకునే పద్ధతి) అప్లై చేస్తోందని, సీటొచ్చి ఎయిడ్ (చదువు ఖర్చుకు యూనివర్సిటీ ఇచ్చే ఆర్థిక సాయం) చాలకపోతే ఇరుక్కుపోతామా అని అడిగాను కదా. డిసెంబర్ మధ్యలో సీటొచ్చింది. ఎయిడ్ మాత్రం నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఎయిడ్ పోను మనకు ఎంత ఖర్చవుతుందో అంచనా చూపే యూనివర్సిటీ వెబ్‌సైట్ టూల్) చూపినదానికంటే బాగా తక్కువ! రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర లేదు.

"కాలిక్యులేటర్ ప్రింటవుట్ దాచుకోండి, తేడా వస్తే అప్పీల్ చేయండి" అన్నవారికి దండాలు. పనిచేసింది అదే. సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో (ఎయిడ్ కోసం కుటుంబ ఆదాయ వివరాలిచ్చే ఫారం) మావారి ఒక్క ఏడాది ఓవర్‌టైమ్‌ను ఏటా వచ్చే ఆదాయంగా లెక్కేశారట. కంపెనీ లెటర్ పంపితే సవరించారు. అమ్మాయి, నేను, స్కూల్ కౌన్సెలర్ ఎర్లీ డెసిషన్ ఒప్పందంపై సంతకాలు పెట్టాం కాబట్టి ఇక అంతే అనుకున్నాను. కానీ ఎయిడ్ చాలక చేరలేకపోతే ఆ ఒప్పందం నుంచి మమ్మల్ని వదిలేస్తామని ఎయిడ్ ఆఫీసువాళ్లే చెప్పారు.

శాట్ (అడ్మిషన్ల కోసం రాసే పరీక్ష) మళ్లీ రాయించాలా అని నేను చేసిన గొడవంతా దండగే. మిగతా అప్లికేషన్లు విత్‌డ్రా చేసేశాం.