అరిస్టాటిల్ భౌతికశాస్త్రాన్ని రెండు వేల ఏళ్లు ఆపేశాడా?

లోలకం:
ఆపేశాడనే నా వాదన. బరువు రెట్టింపైతే పడే సమయం సగమవుతుందని క్రీ.పూ. 4వ శతాబ్దంలో అన్నాడు. దాన్ని కూల్చిన గెలీలియో గ్రంథం అచ్చయింది 1638లో. మధ్యలో ఎవరైనా మేడెక్కి రెండు రాళ్లు వదిలి చూస్తే పోయేది కదా?

నీటిగడియారం:
చూశారండీ. రెండు బరువులకు ఎంత తేడా ఉన్నా పడే సమయంలో తేడా అత్యల్పమని అలెగ్జాండ్రియాలో జాన్ ఫిలోపోనస్ అనే తత్వవేత్త 6వ శతాబ్దంలోనే రాశాడు. అయినా అరిస్టాటిల్ మాట చెల్లుతూనే వచ్చింది. తప్పని చూపితే చాలదు, దాని స్థానంలో సరైన లెక్క కావాలి. 20 మీటర్ల ఎత్తు నుంచి రాయి రెండే సెకన్లలో నేలకు చేరుతుంది. దాన్ని కొలిచే గడియారం అప్పట్లో లేదు.

గెలీలియో పడటాన్నే నెమ్మది చేశాడు. 12 మూరల దూలం, అందులో వేలెడు వెడల్పు గాడి, గాడి పొడవునా నున్నటి తోలుకాగితం, కంచు గుండు. దూలం ఒక కొన ఒకటి రెండు మూరలు ఎత్తి గుండు వదిలేవాడు. గుండు దొర్లినంతసేపు పెద్ద పాత్ర నుంచి సన్నని గొట్టంలో కారిన నీటిని పట్టి తూచేవాడు. పాత్ర చిన్నదైతే నీటిమట్టం త్వరగా దిగి ధార సన్నబడుతుంది, లెక్క చెడుతుంది. పావు దూరానికి సగం నీళ్లే వచ్చాయి, సమయం సగమే పట్టిందన్నమాట. అంటే దూరం సమయ వర్గాన్ని బట్టి పెరుగుతోంది. అసలు విప్లవం ఈ లెక్కే.

గాజుగోళీ:
ఇంకో మాట. శూన్యం ఉండదన్నవాడు కాబట్టి అరిస్టాటిల్ చెప్పింది గాలిలో, నీళ్లలో పడేవాటి గురించి. వెడల్పాటి జాడీలో గ్లిజరిన్ అనే చిక్కటి ద్రవం పోసి 3 మిల్లీమీటర్ల ఉక్కు గుండు, అంతే సైజు గాజు గుండు నడిమధ్యన వదలండి. బుడగ అంటుకుంటే ఫలితం పాడవుతుంది, అందుకే ద్రవంలో ముంచాకే వదలాలి. బరువు మూడు రెట్లే ఎక్కువైనా ఉక్కు గుండు ఐదు రెట్ల వేగంతో దిగుతుంది, ఎందుకంటే ద్రవం పైకి నెట్టే బలం రెండింటికీ సమానమే, అది పోగా మిగిలే బరువు ఉక్కుకు ఐదు రెట్లు. బరువైనది ముందు దిగుతుందన్న గమనిక నిజం, చెప్పిన నిష్పత్తి తప్పు.

పైగా ఆపింది ఆయనా, ఆయన్ను పాఠంగా మార్చినవాళ్లా? పారిస్‌లో ఆయన ప్రకృతి గ్రంథాలు బోధించకూడదని 1210లో నిషేధించారు. 1255కల్లా అక్కడి విశ్వవిద్యాలయంలో అవే తప్పనిసరి పాఠ్యం.

లోలకం:
పారిస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇదే మనిషి కోడిగుడ్లను వేర్వేరు రోజుల్లో పగలగొట్టి పిండం ఎదుగుదల రాశాడు. ఒక జాతి సొరచేపలో పిల్ల బొడ్డుతాడుతో తల్లికి అతుక్కుని ఉంటుందన్నాడు. 1842లో జర్మన్ జీవశాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ అది నిజమేనని తేల్చాడు. జీవుల విషయంలో ఇంత ఓపికగా చూసినవాడు రాళ్ల విషయంలో నిష్పత్తిని కొలవకుండానే రాసేశాడు. నా అభ్యంతరం అక్కడే.