ఐరిస్ ఔట్ ఎవరి సృష్టి: గ్రిఫిత్, బిట్జర్‌లదా, అంతకు ముందువారిదా?

మూకీప్రియ:
మూకీ చిత్రాలలో ఒక దృశ్యం ముగిసేటప్పుడు తెర అంచుల నుంచి నలుపు గుండ్రంగా ముసురుకుంటూ వచ్చి, ఒక ముఖం చుట్టూ చిన్న వృత్తంగా మిగిలి, ఆ వృత్తం కూడా మూసుకుపోవడాన్ని ఐరిస్ ఔట్ అంటారు. చీకటిలోంచి వృత్తం విచ్చుకుంటూ కొత్త దృశ్యాన్ని చూపితే అది ఐరిస్ ఇన్. అమెరికన్ దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్, ఆయన ఛాయాగ్రాహకుడు బిల్లీ బిట్జర్ దీనిని కనిపెట్టారని సినిమా చరిత్రలలో తరచుగా చదువుతుంటాం. ఈ మాట నాకు సమ్మతం కాదు. ఇంగ్లండులోని హోవ్ పట్టణంలో జి.ఎ. స్మిత్ 1900లోనే 'గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్' తీశారు. అందులో ఒక పిల్లవాడు నాయనమ్మ భూతద్దం తీసుకుని వార్తాపత్రికను, గడియారం లోపలి చక్రాలను, పంజరంలోని పిట్టను, నాయనమ్మ కంటిని, చివరకు పిల్లిపిల్ల తలను చూస్తాడు. చూసిన ప్రతి వస్తువూ నల్లటి తెర మధ్య గుండ్రటి కిటికీలో మనకు కనిపిస్తుంది. గ్రిఫిత్ దర్శకుడు కావడానికి ఎనిమిదేళ్ల ముందు తెర మీదికి వచ్చిన వృత్తాన్ని ఆయన ఖాతాలో ఎలా వేస్తాం?

కెమెరా వెనుక:
మూకీప్రియ గారూ, స్మిత్ గొప్పతనం గురించి నాకు రెండో మాట లేదు. కానీ ఆ చిత్రంలోని వృత్తం కదలదు. లెన్స్ ముందు గుండ్రటి రంధ్రం ఉన్న నల్ల అట్టను నిలిపి తీసినది అది. పిల్లవాడి నుంచి గడియారానికి కథ కేవలం కట్‌తో వెళుతుంది. ఆ వృత్తం 'ఇది భూతద్దంలోంచి కనబడుతున్నది' అని చెబుతుందే గాని, ఒక దృశ్యం ముగిసిందని గాని, మరొకటి మొదలైందని గాని చెప్పదు. మనం చర్చిస్తున్నది దృశ్యం నుంచి దృశ్యానికి దాటించే పద్ధతిని గురించి కదా.

ఇక్కడ యంత్రం సంగతి కొంచెం వివరంగా చూడాలి. లెన్స్ లోపలి డయాఫ్రమ్‌ను, అంటే వెలుతురును తగ్గించి పెంచే రేకుల అమరికను, మూసుకుంటూ పోతే తెరపై వృత్తం ఏర్పడదు. లెన్స్‌లోని ప్రతి భాగమూ బొమ్మ మొత్తానికీ వెలుతురు అందిస్తుంది కాబట్టి, బొమ్మంతా ఒకే తీరుగా మసకబారుతుంది. పైగా చివరి గుర్తు దాకా మూసినా కొంత వెలుతురు లోపలికి వస్తూనే ఉంటుంది. అదే రేకుల అమరికను పెద్దదిగా చేసి లెన్స్‌కు కొన్ని అంగుళాల ముందు నిలబెడితే, దృశ్యం అంచుల నుంచి వచ్చే కిరణాలు మొదట ఆగిపోతాయి, రేకులు మూసుకునే కొద్దీ నలుపు నడిమికి చేరుతుంది. లెన్స్‌కు మరీ దగ్గరగా ఉండడం వల్ల ఆ రేకులు ఫోకస్‌లో ఉండవు. మూకీలలో మనకు ఇష్టమైన ఆ మెత్తటి అంచు అందువల్లనే వచ్చింది. రేకుల డయాఫ్రమ్ పందొమ్మిదో శతాబ్దపు సూక్ష్మదర్శినులలోనూ ఉంది, కనుక పరికరం కొత్తది కాదు. దాన్ని లెన్స్ లోపలి నుంచి ముందుకు తెచ్చి, చిత్రం తిరుగుతుండగానే చేత్తో మూయడం కొత్త. ఎండ నేరుగా లెన్స్‌పై పడకుండా తాను అమర్చిన గొట్టం ఫ్రేము మూలలను నల్లబరచిందనీ, గ్రిఫిత్‌కు అది నచ్చిందనీ బిట్జర్ తన స్మృతులలో చెప్పుకున్నారు. కెమెరా పనిచేసే తీరు తెలిసినవారికి ఆ మాట నమ్మదగినదిగానే కనిపిస్తుంది.

పాత రీళ్లు:
నమ్మదగినది వేరు, రుజువైనది వేరు. బిట్జర్ 1944లో మరణించారు, ఆయన స్మృతులు పుస్తకంగా వచ్చింది 1973లో. తానే కనిపెట్టానని చెప్పేవారి సాక్ష్యాన్ని ఆ మేరకే తూకం వేయాలి. ఇక గ్రిఫిత్ తాను పనిచేసిన బయోగ్రాఫ్ చిత్ర నిర్మాణ సంస్థను వదిలిన తరువాత 1913 డిసెంబరులో 'న్యూయార్క్ డ్రమాటిక్ మిర్రర్' పత్రికలో ఇచ్చిన ప్రకటన చూడండి. దగ్గరి చిత్రాలు, దూరపు దృశ్యాలు, స్విచ్‌బ్యాక్ (రెండు చోట్ల జరిగేవాటిని మార్చి మార్చి చూపడం), ఫేడ్ ఔట్ (బొమ్మంతా మెల్లగా నల్లబడడం) వంటివన్నీ తన ఘనతలేనని అందులో వరుసగా చెప్పుకున్న మనిషి ఐరిస్ పేరెత్తలేదు. ఐరిస్ ఆయన గర్వకారణమే అయితే ఆ జాబితాలో చోటు దొరికి ఉండేదని నా అభిప్రాయం. దగ్గరి చిత్రాలు స్మిత్ అంతకు పదమూడేళ్ల ముందే తీసి ఉన్నారు కాబట్టి, ఆ ప్రకటనలోని మిగిలిన మాటలనూ వెనువెంటనే ఒప్పుకోలేం.

అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో విడుదలైన సుమారు 11,000 మూకీ ఫీచర్ చిత్రాలలో మూల 35 ఎం.ఎం. రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో వెలువరించిన అధ్యయనం చెబుతోంది. ఇంత పోయాక, మిగిలినవాటిలో మొదట కనబడినదాన్ని లోకంలోనే మొదటిదని ఎవరు నిలబెట్టగలరు?

మూకీప్రియ:
స్మిత్ సినిమాలకు ముందు మాయాదీపం (గాజు పలకలపై బొమ్మలను దీపపు వెలుతురుతో తెరపై చూపే మ్యాజిక్ లాంతరు) ప్రదర్శనలు ఇచ్చినవారు. రెండు దీపాలతో ఒక బొమ్మను మరొక బొమ్మలోకి కరిగించే విద్య ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దం మొదటి సగానికే ఉంది. ఫ్రెంచి దర్శకుడు జార్జ్ మెలియెస్ 1899 నాటి 'సిండ్రెల్లా'లో దృశ్యాలను అదే తీరులో, అంటే డిజాల్వ్‌తో కలిపారు. దృశ్యాన్ని మెత్తగా దాటించాలనే ఆలోచన అమెరికాలో పుట్టలేదని చెప్పడానికి ఇంతకు మించి ఏం కావాలి?

కెమెరా వెనుక:
డిజాల్వ్ విషయంలో మీ మాటే సరైనది. కాని డిజాల్వ్ రెండు బొమ్మలను కలుపుతుంది. ఐరిస్ ఒకే బొమ్మలో దేనిని చూడాలో ఎంచి చూపుతుంది. 1915 నాటి 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' నల్లజాతివారిపై ద్వేషాన్ని నూరిపోసిన చిత్రమనే మాట మరువకుండానే, అందులోని ఒక షాట్‌ను ఇక్కడ చెప్పక తప్పదు. కొండవాలుపై పిల్లలను పొదువుకుని ఏడుస్తున్న తల్లి చిన్న వృత్తంలో ముందు కనబడుతుంది. ఆ తరువాత వృత్తం విచ్చుకుని, దిగువ లోయలో సాగిపోతున్న అమెరికా అంతర్యుద్ధంలోని ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యాన్ని చూపుతుంది. ఆమె కన్నీళ్లకు కారణం కట్ లేకుండా, అదే ఫ్రేములో బయటపడింది. ఐరిస్‌ను మొదట వాడినవారు ఎవరైనా కావచ్చు. స్మిత్ అట్ట రంధ్రానికీ మాయాదీపానికీ చేతకాని ఈ పనిని దానితో చేయించినది మాత్రం గ్రిఫిత్, బిట్జర్‌లేనని నేను అంటాను. పాత రీళ్లు గారూ, 1915కు ముందు ఇదే పని చేసిన షాట్ మీరు చూసి ఉంటే దయచేసి చిత్రం పేరుతో సహా ఇక్కడ రాయండి.