సిరిమాను జాతర స్టాల్‌లో లోరా పెట్టెలు: మామూలు జనానికి అమ్మొచ్చా?

గంటస్తంభం సర్వీసు:
విజయనగరంలో మొబైల్ రిపేరు షాపు నాది. ఈసారి సిరిమానోత్సవానికి కోట వైపు చిన్న స్టాల్ వేద్దామనుకుంటున్నాను. చార్జర్లు, కవర్లు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన లోరా మెసేజ్ పెట్టెలు కూడా పెట్టాలని ఆలోచన.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లోరా అంటే తక్కువ కరెంటుతో దూరం పోయే ఒక రేడియో పద్ధతి. చిన్న బోర్డు, దాని మీద బుల్లి స్క్రీన్, ఒక యాంటెన్నా. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలుపుతాం. సిమ్, టవర్, నెట్ ఏవీ అక్కర్లేదు. ఫోన్‌లో టైప్ చేసిన మెసేజ్‌ని పెట్టె రేడియోలో పంపుతుంది, దారిలో ఉన్న ఇంకో పెట్టె దాన్ని అందుకుని ముందుకు పంపుతుంది. లోపల నడిచేది మెష్‌టాస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, 2020లో మొదలైంది.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. రెండూ జాతర జరిగిన నెలలోనే. మన జనం మర్చిపోలేదు కాబట్టి కొంటారని నా లెక్క. డబ్బాలో పెట్టి బ్యాటరీతో సహా ఇస్తే మూడున్నర వేలు పడుతుంది. ఇప్పటిదాకా నా దగ్గర ఇవి తీసుకున్నవాళ్లంతా సాల్డరింగ్ పట్టడం తెలిసినవాళ్లే. దారిన పోయేవాళ్లకి అమ్మొచ్చా, వద్దా? మొహమాటం లేకుండా చెప్పండి.

కవిటి కొబ్బరితోట:
అమ్మండి. ఇందులో ఆలోచించడానికేముంది?

తిత్లీ తర్వాత మా ఉద్దానంలో ఫోన్లు మూగబోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మా అక్కావాళ్లది మందస వైపు. ఇల్లు నిలిచిందో లేదో కనుక్కోవడానికి మా బావమరిది బయల్దేరితే, రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లే. కొంతదూరం సైకిలు తొక్కి, కొంతదూరం దాన్నే భుజానికెత్తుకుని దాటాడు. సాయంత్రానికి తిరిగొచ్చి చెప్పిన కబురు ఎంతో తెలుసా? ‘పెంకులు ఎగిరిపోయాయి, మనుషులు బాగున్నారు.’ ఈ పెట్టెలో పట్టే కబురే కదా అది. మూడున్నర వేలు ఎక్కువేం కాదు.

పాత వైర్‌లెస్:
ఎక్కువే, పని చేయకపోతే.

కవిటి బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ కవిటిలో ఒకటి, మందసలో ఒకటి పెడితే కబురు అందదు. లోరా చాలా దూరం పోతుందని వీడియోల్లో చూపించేది కొండ మీద నుంచి కొండ మీదకి. కొబ్బరి, జీడితోటల మధ్య, రేకుల ఇంటి లోపల బల్ల మీద పెడితే ఊరు దాటడమే కష్టం. మధ్యలో అందుకునే పెట్టెలుండాలి, అవీ ఎత్తులో ఉండాలి. మామూలు సెట్టింగులో ఒక మెసేజ్ మూడుసార్లు మాత్రమే చేతులు మారుతుంది, పెంచుకున్నా ఏడే. ఆ మధ్య పెట్టెలు ఎవరు కొంటారు, ఎక్కడ కడతారు, గాలికి పడిపోతే ఎవరు ఎక్కి సరిచేస్తారు? స్టాల్ దగ్గర ఒక్క పెట్టె కొనుక్కుని ఇంటికి పోయినవాడు తుఫాను రోజున ఎవరితో మాట్లాడతాడు?

ఇక చట్టం సంగతి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు 2005 నుంచే లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్. వాడేవాడికి లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ అమ్మే పరికరానికి డబ్ల్యూపీసీ (కేంద్రం వైర్‌లెస్ విభాగం) వాళ్ల ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికి ఇచ్చే ఆమోదం ఉండాలి. దాంతోపాటు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలో అమెరికాకి చేసిన 915 రకం కలిసిపోయి ఉంటుంది. మన దగ్గర 890 నుంచి 915 దాకా ఫోన్లు టవర్‌తో మాట్లాడే జాగా. పెట్టెలో ప్రాంతం ‘ఇండియా’ అని పెట్టకుండా ఎవడో అమెరికా నొక్కాడంటే, తుఫాను లేనిరోజు కూడా పక్కవాళ్ల ఫోన్లకి తలనొప్పి. 2025 మే నెలలో ఆమోదం, లైసెన్సు వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని ఆన్‌లైన్ సైట్లకి కేంద్రం నోటీసులిచ్చింది. జాతర స్టాల్ దాకా రారులే అనుకుంటే నీ ఇష్టం.

రాజాం మావ:
జాతరలో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది: ‘ఇందులో మాట్లాడొచ్చా?’ రెండోది: ‘యూట్యూబ్ వస్తుందా?’ మూడోది: ‘రెండొందలకి ఇస్తావా?’

గంటస్తంభం సర్వీసు:
మావా, మాట్లాడలేం, రాత మాత్రమే. అది బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను.

పాత వైర్‌లెస్ గారూ, ఈటీఏ పత్రం ఉన్న సరుకే తెస్తాను, ధర కొంచెం పెరుగుతుంది. ప్రాంతం నేనే సెట్ చేసి ఇస్తాను. కానీ మధ్య పెట్టెలు ఎవరూ కొనకపోతే ఎప్పటికీ ఉండవు కదండీ. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. జాతరకి శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి జనం వస్తారు. వందమంది కొంటే వంద ఊళ్లలో ఉంటాయి.

పాత వైర్‌లెస్:
వంద ఊళ్లలో తలా ఒకటి ఉంటే ఏ రెండూ కలవవు. ఒకే ఊళ్లో పది ఉంటే పని జరుగుతుంది. నీ బేరానికి వంద మంచిది, కొన్నవాళ్లకి పది మంచిది. గొడవంతా అక్కడే ఉంది.

ఈసీఈ మూడో సంవత్సరం:
నేనూ విజయనగరంలోనే చదువుతున్నాను, మా హాస్టల్‌లో నాలుగు పెట్టెలున్నాయి. అన్నయ్య గారూ, జాతరలో అమ్మితే జాతరలోనే పరువు పోతుంది. కొన్నవాళ్లు అక్కడికక్కడే ఆన్ చేస్తారు కదా. అందరిదీ ఒకటే ఛానెల్. మామూలు సెట్టింగులో వేగం సెకనుకి ఒక కిలోబిట్ అటూఇటూ. పొడుగాటి మెసేజ్ ఒకటి వెళ్లడానికి రెండు సెకన్ల దాకా పడుతుంది, ఆ రెండు సెకన్లూ చుట్టుపక్కల ఇంకెవరూ పంపకూడదు. పైగా ఒకరు పంపిందాన్ని మిగతా పెట్టెలు మళ్లీ పంపుతాయి. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఆ జనంలో యాభై పెట్టెలు ఒకేసారి ‘హాయ్’ అంటే ఏ హాయీ అందదు. తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి పనికొస్తుందని మాత్రం దయచేసి చెప్పకండి, నమ్ముతారు.

ఇంకోటి. తెలుగులో టైప్ చేస్తే జాగా త్వరగా అయిపోతుంది. ఒక మెసేజ్‌కి ఇచ్చేది సుమారు 200 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగులో హల్లు, గుణింతం, సున్న దేనికదే మూడేసి, వత్తుకైతే ఆరు. ‘శ్రీకాకుళం’ అని రాస్తేనే 30 బైట్లు పోయాయి. మా అమ్మ వాట్సాప్‌లో రాసే క్షేమసమాచారం ఇందులో సగం కూడా పట్టదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే అలవాటున్న కుర్రాళ్లకి బాధ లేదు, కానీ తుఫానులో కబురు కోసం ఎదురుచూసేది పెద్దవాళ్లు.

నా మాట అడిగితే, విడి బోర్డు, బ్యాటరీ, డబ్బా కిట్‌గా అమ్మండి. తనే బిగించుకున్నవాడు పాడైతే బాగుచేసుకుంటాడు.

కవిటి కొబ్బరితోట:
అమ్మా, కిట్ అంటే మళ్లీ చదువుకున్న కుర్రాళ్ల చేతికే. మా నాన్నకి ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేయడమే రాదు. అలాంటివాళ్లకి అందకపోతే ఈ పెట్టెలు మీ హాస్టల్ ఆటబొమ్మలుగానే మిగిలిపోతాయి. రేడియో వినేవాళ్లందరికీ రేడియో బిగించడం వచ్చా?

ఈసీఈ మూడో సంవత్సరం:
రేడియోకి యాంటెన్నా ఊడదీసినా కాలిపోదండి. దీనికి కాలిపోవచ్చు. జేబులో గుచ్చుకుంటోందని యాంటెన్నా తిప్పి తీసేసి, అలాగే ఆన్ చేసి మెసేజ్ పంపాడు మా క్లాస్‌మేట్ ఒకడు. అప్పట్నుంచి ఆ పెట్టె పక్కగదికి కూడా పంపలేకపోతోంది. స్క్రీన్ మాత్రం వెలుగుతుంది, అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది. మీ నాన్నగారు తుఫాను రాత్రి దాకా ఆ సంగతి కనిపెట్టలేరు.

బిల్లు ఇవ్వండి:
వినియోగదారుల కేసులు చూసే వృత్తి నాది. 2019 చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. లోపం ఉన్న వస్తువు వెనక్కి తీసుకోకపోవడం కూడా. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజులు. జాతర అయ్యాక స్టాల్ ఎత్తేస్తారు, కొన్నాయన మక్కువ ఊరి నుంచి వచ్చి ఎక్కడ వెతుక్కోవాలి? షాపు చిరునామాతో బిల్లు ఇస్తే సగం గొడవ తగ్గుతుంది. ‘తుఫానులో ప్రాణం కాపాడుతుంది’ అని ఫ్లెక్సీ వేశారో, రేపు ఆ మాటే మీ మీదకి వస్తుంది.

గంటస్తంభం సర్వీసు:
ఫ్లెక్సీ అప్పుడే డిజైన్‌కి ఇచ్చేశాను. ఆ లైను తీయించేస్తాను.

పాత వైర్‌లెస్:
బ్యాటరీ కూడా చూసుకో తమ్ముడూ. 18650 సెల్ (ఈ పెట్టెల్లో వేసే గుండ్రటి బ్యాటరీ) మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చు వేసినవి బజారులో గుట్టలుగా ఉన్నాయి. ఆ సైజులో మంచి కంపెనీది 3,500 దగ్గర ఆగిపోతుంది. నమ్మకం లేకపోతే వెండికొట్టులో తూకం వేయించు, అసలుది 45 గ్రాములకి పైనే తూగుతుంది, దొంగది తేలిపోతుంది. ఇంకా, బోర్డుకి గుచ్చే బ్యాటరీ పిన్నులో ఎరుపు, నలుపు అన్ని కంపెనీలదీ ఒకే వైపు ఉండవు. గుచ్చుకుంటుంది కదా అని గుచ్చితే బోర్డు పోతుంది. రిపేరు చేసేవాడివి, నీకు తెలుసు. కొనేవాడికి తెలియదు.

గంటస్తంభం సర్వీసు:
సరే. జాతరలో అమ్మకం మానేస్తాను. రెండు పెట్టెలు స్టాల్ మీద పెట్టి చూపిస్తాను, పని చేసే తీరు చూసి కావాలన్నవాళ్లు ఊరి పేరు రాసి వెళ్తారు. ఒక ఊరి నుంచి ఐదారుగురు కలిస్తే నేనే వచ్చి బిగించి, ఛానెల్‌కి సొంత తాళం, అంటే రహస్య కోడ్, పెట్టి ఇస్తాను. కొత్తగా వచ్చినప్పుడు ఉండే తాళం ప్రపంచమంతటికీ తెలిసినదే, ఎవరైనా చదివేయొచ్చు. ఈ పద్ధతిలో లాభం తక్కువ. ప్రయాణం ఖర్చు ఎవరిస్తారో చూడాలి.

రాజాం మావ:
ఊరి పేరు రాసినవాళ్లలో సగం మంది ఫ్రీగా ఇస్తారనుకునే రాస్తారు.

కవిటి కొబ్బరితోట:
మహేంద్రగిరి మీద ఒక్కటి పెడితే మా ఉద్దానం అంతా కనిపిస్తుంది కదా, పదీ ఇరవై ఎందుకు?

పాత వైర్‌లెస్:
పదిహేను వందల మీటర్ల కొండ, జాగా బ్రహ్మాండమే. కాకపోతే అది ఒడిశాలో ఉంది. ముందు వాళ్లని అడుగు.

కవిటి కొబ్బరితోట:
అయితే తుఫాను షెల్టర్ మేడ మీదే పెడదాం. గంటస్తంభం గారూ, మా ఊరికి పది పెట్టెలు, ఈటీఏ ఉన్నవి, బిల్లుతో ఎంతవుతుందో చెప్పండి. వచ్చిపోయే ఖర్చు, భోజనం మావి. డబ్బులు మాత్రం కొబ్బరి దింపు అయ్యాక.

పాత వైర్‌లెస్:
డబ్బుల సంగతి తర్వాత. షెల్టర్ మీద కట్టడానికి పంచాయతీ నుంచి కాగితం తెచ్చుకోండి. రెండు రోజులు ఎండ లేకపోయినా నడిచే సోలార్ ప్లేటు ఏదో కూడా ఇప్పుడే తేల్చండి. తుఫాను ముందు రెండు రోజులు ఎలాగూ మబ్బే.