పాత మియాటాకు 16 అంగుళాల అల్లాయ్స్ పడతాయా?
నాది 1991 మాజ్డా మియాటా, డాలస్‌లో ఉంటాను. కంపెనీ చక్రాలు 14 అంగుళాలవి, టైర్లు 185/60 (అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం). 15కి మారితే 195/50 వేయొచ్చు, మొత్తం ఎత్తు దాదాపు అంతే కాబట్టి స్పీడోమీటర్‌తో ఇబ్బంది ఉండదు, అంతవరకు అర్థమైంది, కానీ నా మనసంతా 16 మీదే ఉంది. నిన్న ఫ్రెండ్ దగ్గరున్న 16 సెట్, 205/45 టైర్లతో, బిగించి చూశాం. నాలుగు నట్లూ చక్కగా కూర్చున్నాయి, తీరా స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి ముందు ఎడమ టైరు, ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి గర్రున రాసుకుంది, నల్లటి చార కూడా పడింది. సస్పెన్షన్ కిందికి దించలేదు. ఇది ఆఫ్‌సెట్ (చక్రం మధ్యరేఖకు, అది కారుకు బిగిసే ముఖానికి మధ్య దూరం) వల్లనా, లేక టైరు 13 మిల్లీమీటర్లు ఎత్తు పెరగడం వల్లనా? ముప్పై ఏళ్లు దాటిన బండి, ఫెండర్ అంచులు వంచడానికి నాకు మనసొప్పడం లేదు. ఈ కారుకు 16 వేసి రోజూ నడుపుతున్నవాళ్లు ఉంటే ఏ ఆఫ్‌సెట్, ఏ టైరు సైజు వాడారో కాస్త చెప్పండి ప్లీజ్.